కప్లింగ్‌లో నూనె

మార్కాపురం అవతల కంకర క్రషర్‌లో మా ఆయన ఆపరేటర్‌గా చేసేవాడు. నేను ఇప్పటికీ అక్కడే దుమ్ము ఊడుస్తాను. మోటారుకూ క్రషర్‌కూ నడుమ ఉండే కప్లింగ్ గురించి ఒకసారి అన్నం తింటూ చెప్పాడు. దాని లోపల రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయట, ఒకదాన్నొకటి తాకవట. మోటారు తిప్పే చక్రం నూనెను విసిరికొడితే, ఆ విసురుకే రెండోది తిరిగి క్రషర్‌ను నడుపుతుందట. ఆయన చనిపోయాక, ఆ సంగతి ఆయన నా ఒక్కదానికే చెప్పాడనుకుని మురిసిపోయేదాన్ని.

మొన్న క్రషర్‌లో పెద్ద రాయి ఇరుక్కుంది. కప్లింగ్‌లోంచి కాగిన నూనె చిమ్మింది. కొత్త ఆపరేటర్ ఆ నూనె చిమ్మిన బొక్కకు బోల్టు బిగించబోతే, నాతోపాటు ఊడ్చే ఆమె అడ్డం పోయింది.

"బోల్టు పెట్టబాక నాయనా! రాయి ఇరుక్కుంటే ఒక చక్రం ఆగిపోతది, రెండోది తిరగతానే ఉండి నూనె కాగిపోతది. ఆ బొక్కలో వేడికి కరిగే ప్లగ్ ఉంటేనే ఆ నూనె బయటికి పోయి మోటారు బతుకుతది. బోల్టు పెడితే కప్లింగ్ పేలిపోతది."

"నీకెవురు చెప్పినారే?" అన్నాను.

"అన్నే చెప్పినాడక్కా, టీ తాగేటప్పుడు."

"ఎన్ని టీలు తాగినారేంది?"

ఆమె నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు చక్రాల దాకా చెప్పి ఊరుకున్న మనిషి, దానికి ప్లగ్ దాకా చెప్పాడు. ఇంకా ఏమేం చెప్పాడో అడగాలని రోజూ నోటిదాకా వస్తుంది. అడగలేకపోతున్నాను.