శనివారం ఒక్కపొద్దు

మా ఆయనకు ఏ చెడ్డ అలవాటూ లేదని సిద్దిపేటలో మా వాడకట్టంతా ఒప్పుకుంటుంది. కల్లు ముట్టడు, పేకాట ఆడడు. ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు నేను.

బజారుకు పోయివస్తే ఎవరు కలిశారు, ఏమన్నారు, నేనేమన్నాను, అన్నీ చెప్పాలి. ఫోనులో నవ్వితే ఎందుకు నవ్వానో చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేసరికి అందులో నవ్వు మిగిలేది కాదు. కోప్పడేవాడైతే కాదు. కోప్పడితే నేనూ నాలుగు మాటలనేదాన్ని. డిగ్రీలో సైకాలజీ చదివాను గానీ, అందులో ఈ పాఠం లేదు.

ఆయన ప్రశ్నలడగని సంగతి ఒక్కటే ఉంది, దేవుడు. అది కనిపెట్టాక శనివారాలు ఒక్కపొద్దు పట్టాను. పగలంతా ఉపవాసం, పొద్దుగూకాక ఒక్కపూట భోజనం. మధ్యాహ్నం గుడికని చెప్పి బయల్దేరేదాన్ని. చేరేది మాత్రం గుడి వెనక సందులో, నా జాకెట్లు కుట్టే ఆమె ఇంటికి. ఉర్దూలో అక్క అన్నట్టు, ఆపా అని పిలుస్తాను. ఆమె కుట్టు మిషను పక్కన చాప మీద కూర్చుని, సాక్షాత్తూ శనివారం నాడు, వేయించిన మటన్‌తో అన్నం తినేదాన్ని. పాపం అరకొరగా చేయడం నాకు నచ్చదు.

"ఒకనాడు మీ దేవునికి దొరుకుతవ్ చూడు," అనేది ఆపా, ఇంకో ముక్క వేస్తూ.

"దేవునికి ఎప్పుడో దొరికిన ఆపా. ఇంట్ల దొరకకుంటె సాలు."

నోట్లో సోంపు వేసుకుని, గుడి ముందు కుంకుమ పెట్టుకుని ఇల్లు చేరేదాన్ని. ఇదంతా తిండి కోసమేనని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఆదివారం ఆదివారం ఆయనే మటన్ తెచ్చేవాడు. ఆపా ఇంటి ముక్కకున్న రుచి, అది ఆయనకు తెలియకపోవడమే.

నా భక్తి ఆయన్ని కదిలించింది.

"రేపటి సంది నేను గూడ పడ్త ఒక్కపొద్దు. ఇద్దరం కల్సే పోదాం గుడికి," అన్నాడొక శుక్రవారం సాయంత్రం.

"మీకు గ్యాస్ ట్రబుల్ గదా."

"దేవుడు సూసుకుంటడు తియ్యి."

దేవుడు నన్ను కూడా చూసుకుంటున్నాడని అప్పుడే తెలిసింది. ఇక శనివారాలు గుడిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. కళ్లు మూసుకుంటే, "ఏం మొక్కుకుంటున్నవ్?" అని అడిగేవాడు. నాకున్న ఒక్క మధ్యాహ్నమూ పోయింది, ఆకలి మాత్రం మిగిలింది. ఒక్కపొద్దు మానేద్దామా అనుకున్నాను. మానేస్తే ఎందుకో చెప్పాలి.

కొన్ని వారాలకు ఆయనే, "నువ్వు పోయిరా, నాకు దుకాణంల పనుంది," అన్నాడు. నేను రెక్కలు కట్టుకుని బయల్దేరాను. ఆపా సందు మలుపులో మిర్చి బజ్జీల బండి ఉంటుంది. దాని వెనక, గోడ వైపు తిరిగి, కాగితంలో మిర్చీలు పెట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. కొరికేముందు ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ప్రతి శనివారం ఆ మలుపులోనే నేను చూసే చూపు అది. నాకు భయపడే మనిషి ఈ ఊళ్లో ఒకడున్నాడని నేనెన్నడూ అనుకోలేదు.

ఆయన చూడకముందే వెనక్కి తిరిగి, వేరే దారిన ఆపా ఇంటికి పోయాను.

పొద్దుగూకాక ఇద్దరం ఒక్కపొద్దు విడిచాం. ఆయన మెల్లగా తింటున్నాడు.

"దుకాణంల పనైందా?"

"ఆఁ, అయింది."

తల వంచుకుని, తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూశాడు. అది నా నాలుక మీదే ఉంది. ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.