తిట్టినాయన మిగిల్చిన నాలుగు మాటలు
కువైట్‌లో జహ్రా నుంచి షర్క్ వెళ్ళే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. మన గోదావరి యాసే. యేసుని నమ్ముతూనే యూదుల ఆచారాలు వదలనివాళ్ళు తొలిరోజుల్లో ఉండేవారని ఏదో చెబుతోంది. నాకు బైబిలు తెలీదు. పైగా నేను ఇంటిపని చేసే మామా, అంటే యజమానురాలి, ఇంట్లోంచి చెప్పకుండా వచ్చేసిన మనిషిని. దొంగతనం చేసి పారిపోయానని, నన్ను వీసా మీద పనికి తెచ్చుకున్న కఫీల్ కేసు పెట్టాడు. ఊఁ కొడుతున్నానే గాని, నా కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"వాళ్ళు మాంసం ముట్టరమ్మా. వాళ్ళ సువార్తలో యోహాను మామూలు బైబిల్లోలాగా మిడతలు తినడు, తేనె ఒక్కటే తింటాడు."

"ఆ పుస్తకం ఇప్పుడుందాండీ?"

"పోయింది. వాళ్ళది తప్పని తిట్టినాయన, తిట్టడం కోసం ఎత్తి రాసిన నాలుగు మాటలే మిగిలాయి."

బస్సు ఆగింది. పోలీసులు ఎక్కి ముందు సీట్ల నుంచి ఇఖామాలు, అదే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులు, అడుగుతున్నారు. నేను చున్నీ ముఖం మీదకి లాక్కుని కిటికీ వైపు తిరిగాను. ఆవిడకి అర్థమైనట్టుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీ పేరు చెప్పు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నీ నోటితో చెప్పు, తొందరగా."

చెప్పాను. ఇస్త్రీపెట్టెతో కాల్చిన చోటు చూపించాను. పోలీసు మా దాకా వచ్చేలోపు ఆవిడ నా పేరుతో సహా అంతా గొణుక్కుంటూ నాకే తిరిగి అప్పజెప్పింది, ఒక్క మాట పోకుండా.

నన్ను దింపి స్టేషనుకి తీసుకెళ్ళారు. కేసు కాగితంలో నేను దొంగననే ఉంది. నేనేం చెప్పానని అక్కడ ఎవరూ అడగలేదు.

ఆవిడ పేరు నేనూ అడగలేదు. ఊరికి తిరిగొచ్చాక ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా ఆవిడ ఆయుష్షు కోసమే దణ్ణం పెట్టుకుంటాను.