ఎడమ సీటు నాదే

సిమ్యులేటర్ పరీక్షలో ఫెయిలైన రోజున మా వదిన ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, మా అత్తయ్య చేతిలోంచి గరిటె లాక్కుని కూర తనే కలపడం.

"పాసా?" అంది అత్తయ్య.

"ఫెయిల్."

"అయితే ఆ గరిటె ఇటివ్వు. కోపంలో ఉప్పు రెండుసార్లు వేస్తావు."

వదిన ఇవ్వలేదు. ఆవిడ మా ఆయనకు అక్క. ఆవిడా అత్తయ్యా కింది వాటాలో ఉంటారు, మేము పై వాటాలో. ఎవరైనా పని చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం వదినకు చేతకాదు. మా బాబు చొక్కాకు నేను పైనుంచి బొత్తాలు పెడుతుంటే ఆవిడ కిందినుంచి మొదలుపెడుతుంది. మధ్యలో ఎక్కడో మా వేళ్లు కొట్టుకుంటాయి. అంత చురుకు. ఆ చురుకే ఆ రోజు ఆవిడ కొంప ముంచింది.

వదిన ప్రయాణికుల విమానాలు నడుపుతుంది. ఏళ్ల తరబడి కుడివైపు సీటులో, కో-పైలట్‌గా. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటులో. ఎట్టకేలకు కంపెనీ ఆవిడను కెప్టెన్ శిక్షణకు ఎంపిక చేసింది. శిక్షణంతా అయ్యాక చివరి పరీక్ష సిమ్యులేటర్‌లో ఉంటుంది. పొడవాటి ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద తెల్ల పెట్టె అది. లోపల అచ్చం విమానం ముందుగది. కుదుపులూ, ఒరుగుళ్లూ, అద్దంలోంచి కనిపించే రన్‌వే అన్నీ నిజంలాగే ఉంటాయి. వెనక ఎగ్జామినర్ కూర్చుని, తనకు బుద్ధి పుట్టినప్పుడు ఒక బటన్ నొక్కి ఇంజిన్‌కు నిప్పంటిస్తాడు.

ఆ రోజు విమానం నేల వదిలిన కాసేపటికే గంట మోగింది. రెండో ఇంజిన్‌లో మంటలని ఎర్ర లైటు వెలిగింది. నేను చదివింది ఫిజిక్స్ కనుక ఇక్కడివరకు నాకు తేలిగ్గానే అర్థమైంది. రెండు ఇంజిన్లలో ఒకటి నీరసిస్తే రెండోదొక్కటే తోస్తుంది. విమానం ముక్కు నీరసించిన వైపుకు తిరిగిపోతుంది. దాన్ని కాలితో పెడల్ తొక్కి నిలబెట్టాలి. వదిన నిలబెట్టింది.

అసలు సంగతి ఆ తరవాతది. మంటలున్న ఇంజిన్‌ను తగ్గించే ముందు, విమానం నడుపుతున్న మనిషి దాని మీట మీద చెయ్యి పెట్టి 'ఇదేనా?' అని అడగాలి. పక్క సీటు మనిషి తన కళ్లతో చూసి 'అదే' అనాలి. అప్పుడే మీట వెనక్కి లాగాలి. ఇక ఇంధనం ఆపే మీట పక్క సీటు మనిషి పని. అతను చెయ్యి పెట్టి అడగాలి, నడుపుతున్న మనిషి చూసి ఒప్పుకోవాలి. కంగారులో బాగున్న ఇంజిన్‌ను ఆపేస్తే ఇక ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఈ అడగడాలూ ఒప్పుకోవడాలూ అందుకే.

వదిన అడిగింది. కానీ జవాబు వచ్చేలోపే మీట లాగేసింది. ఇంధనం మీట కూడా తనే ఆపేసింది. కుడి సీటులో అన్నేళ్లూ ఆ మీట ఆవిడ పనే. సీటు మారినా చెయ్యి మారలేదు.

"నేను ఆపింది సరైన ఇంజినే!" అంది గరిటెతో గిన్నె అంచు మీద కొడుతూ. "విమానం గీత గీసినట్టు పోయింది. అయినా ఆ ఎర్రపెన్ను ఫెయిలంటాడు!"

ఎర్రపెన్ను అంటే ఎగ్జామినర్. పైలట్లంతా ఆయన వెనక పిలుచుకునే పేరు అది.

"ఏమన్నాడేంటి?" అంది అత్తయ్య.

"'రెండు సీట్ల పనీ మీరే చేశారు. అలాగైతే రెండో సీటు పీకించేద్దామా?' అన్నాడు."

అత్తయ్య గరిటె వైపు చూసింది. "నిన్ను బాగానే కనిపెట్టాడు," అంది.

కంపెనీలో నియమం ఒకటుంది. ఫెయిలైతే ఇంకొక్కసారే అవకాశం. అదీ పోతే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కుడి సీటే. కెప్టెన్ మాట మళ్లీ ఎత్తడానికి లేదు.

ఆ వారంలోనే ట్రైనింగ్ మేనేజరు ఆవిడను పిలిచి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే మంచి మాట కాదని అందరికీ తెలుసు.

"మన ట్రైనింగ్ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది మేడమ్. గౌరవంగా ఉంటుంది. వేళకి ఇంటికెళ్లొచ్చు."

"ఇంట్లో నాకోసం ఎదురుచూసేది మా అమ్మ ఒక్కతే సార్. ఆవిడ కూడా సీరియల్ అయ్యాకే తలుపు తీస్తుంది."

"అది కాదు, మళ్లీ పరీక్షకి కూర్చుని, మళ్లీ ఏదైనా అయితే... మీ పేరు..."

"నా పేరు ఇప్పటికే పోయింది కదా సార్. పోయిన చోటే వెతుక్కుంటాను."

ఆయన టీ కప్పు పక్కకు జరిపాడు. సరే, ఎగ్జామినర్‌ను మార్చమని అడిగే హక్కు మీకుంది, ఇంకో ఎగ్జామినర్ పెద్దాయన ఉన్నారు, ఆయన దగ్గర చెయ్యండి అన్నాడు. ఆ పెద్దాయన మారుపేరు వెన్నపూస. ఆయన చేతిలో ఫెయిలైనవాడు ఇంతవరకూ పుట్టలేదని చెప్పుకుంటారు.

"వద్దు సార్. నాకు ఆయనే కావాలి."

"ఎవరు?"

"నన్ను ఫెయిల్ చేసినాయన."

ఆ మాట విని నేను ఒంటికాలి మీద లేచాను. నాకు అసలే భయాలెక్కువ. బాబు ఒళ్లు వెచ్చబడితే థర్మామీటర్‌ను నమ్మక రెండోది తెచ్చి చూస్తాను.

"వదినా, ఇది వట్టి మొండితనం. ఇద్దరిలో ఎవరి దగ్గర పాసయ్యే అవకాశం ఎక్కువో లెక్క కట్టడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు!"

"కట్టు, లెక్క కట్టు. వెన్నపూస దగ్గర పాసైతే రేపు నన్ను వెన్నపూస కెప్టెన్ అంటారు. రిటైరయ్యేదాకా అంటారు. దానికి నీ లెక్కలో ఎన్ని మార్కులు తీసేస్తావ్?"

"మళ్లీ ఫెయిలైతే?"

"కుడి సీటు. అదేమన్నా జైలా? కానీ దొడ్డిదారిన మాత్రం ఎడమ సీటులోకి ఎక్కను. ఆ సీటు నాది. ముందు తలుపులోంచే వెళ్లి కూర్చుంటాను."

సాధన ఇంట్లోనే మొదలైంది. విమానం ముందుగదిలో ఉండే మీటలు, గడియారాలు, లైట్లు అన్నీ అచ్చువేసిన నిలువెత్తు కాగితం బొమ్మ ఒకటి తెచ్చి బట్టల బీరువాకు అంటించింది. దాని ముందు రెండు భోజనాల బల్ల కుర్చీలు. కుడి కుర్చీలో నేను, నా ఒళ్లో బాబు.

"రెండో ఇంజిన్. ఇదేనా?" అంది వదిన బొమ్మ మీద వేలు పెట్టి.

"అదే."

"ఒకటో ఇంజిన్. ఇదేనా?"

"అదే."

వదిన వేలు తియ్యకుండా నావైపు తిరిగింది. "నా వేలు రెండోదాని మీదే ఉంది, చూడు. చూడకుండానే అదే అనేశావ్. ఇప్పుడు మనిద్దరం ఏమైనట్టు?"

"మీరు అంత గట్టిగా అడిగితే కాదనబుద్ధి కాలేదు," అన్నాను.

"లే, లే. అన్నిటికీ తలూపే మనిషి అక్కడ పనికి రాదు," అంటూ అత్తయ్య నన్ను లేపి కుడి కుర్చీలో కూర్చుంది. ఆవిడ జీవితంలో ఎవరి మాటకూ ఒక్కసారికి ఒప్పుకుని ఎరగదు.

"రెండో ఇంజిన్. ఇదేనా?"

"ఏదీ, చూడనీ. నా కళ్లజోడేదీ?"

"అమ్మా, ఇంజిన్‌కి మంటలంటుకున్నాయి! ఇప్పుడు కళ్లజోడు వెతుకుతావేంటి?"

"చూడకుండా ఎలా చెప్పమంటావే? నీకు తొందరైతే నీ చేత్తో నువ్వే ఆపుకో. మొన్న అదేగా చేశావ్!"

నేను బాబును తీసుకుని ఒకడుగు వెనక్కి వేశాను. వదిన పోట్లాటకు దిగుతుందనుకున్నాను. దిగలేదు. బొమ్మ మీద వేలు అలాగే ఉంచింది. అత్తయ్య బల్ల మీద వెతికింది, పక్క మీద వెతికింది, చివరికి తన మెడలోనే వేలాడుతున్న కళ్లజోడు తీసి పెట్టుకుంది. తీరిగ్గా వంగి చూసి, "ఆఁ, అదే," అంది. అంతసేపూ వదిన అక్కడ లేని పెడల్‌ను కాలితో తొక్కిపట్టే ఉంది. ముఖానికి చెమటలు పట్టాయి.

"ఇంకోసారి, అమ్మా," అంది.

పరీక్ష రోజు వరకూ అదే తంతు. అత్తయ్య కావాలనే ఒకరోజు తప్పు ఇంజిన్ చూపించేది, ఒకరోజు "నాకు తెలీదు" అని ముఖం తిప్పుకునేది, ఒకరోజు మధ్యలో లేచి పాలు దించి వచ్చేది. వదిన పళ్లు కొరికేది, తిట్టేది, కానీ చెయ్యి మాత్రం ఆవిడ వైపుకు పోనిచ్చేది కాదు.

పరీక్షలో ఏం జరిగిందో వదినే చెప్పింది. కుడి సీటులో కంపెనీ శిక్షకుడొకాయన కూర్చున్నాడు. వెనక ఎర్రపెన్ను. ఈసారి పక్కగాలి కూడా పెట్టాడు. నేల వదలగానే గంట. మొదటి ఇంజిన్‌లో మంటలు. వదిన పెడల్ తొక్కి ముక్కును నిలబెట్టి, కావలసిన ఎత్తుకు ఎక్కాక మీట మీద చెయ్యి వేసింది.

"మొదటి ఇంజిన్. ఇదేనా?"

కుడి సీటాయన పలకలేదు. గంట మోగుతూనే ఉంది. తరవాత నెమ్మదిగా, "రెండోది కదా?" అన్నాడు. కావాలని పెట్టిన పరీక్షే అది.

"నా చెయ్యి నా మాట వినడంలేదమ్మాయ్," అని తరవాత నాతో చెప్పింది. "లాగేయ్ లాగేయ్ అంటోంది. నాకు తెలుసు మొదటిదేనని. లైటు నా కళ్లముందే ఉంది."

లాగలేదు. గొంతు పెంచకుండా, "మళ్లీ చూద్దాం. ఎర్ర లైటు ఏ మీటలో ఉంది? మీకు కనిపించింది చెప్పండి," అంది.

ఆయన చూశాడు. "మొదటిది. అదే." అప్పుడు లాగింది. ఇంధనం మీట దగ్గర ఆయన ఇంకా తాత్సారం చేశాడు. ఈవిడ చెయ్యి తన ఒడిలో పెట్టుకుని, ఆయన చెయ్యి అక్కడికి చేరేదాకా ఆగి, చూసి, "అదే" అంది.

దిగాక చిన్న గదిలో ఎర్రపెన్ను కాగితాలు సర్దుకుని, దిగేటప్పుడు వేగం కొంచెం ఎక్కువుంది, చూసుకోండి అన్నాడు.

"ఒప్పుకుంటాను సార్. కానీ పోయినసారి నేను ఆపింది సరైన ఇంజినే."

"కాదని నేనెప్పుడన్నాను?" అన్నాడాయన. "ఇంతకీ నన్నే ఎందుకు అడిగారు?"

"మీరు ఒప్పంటే ఎవరూ నోరెత్తరు. వెన్నపూసగారు ఒప్పంటే..." అని నాలుక కరుచుకుంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఓహో. మరి నన్నేమంటారు?"

"మళ్లీ ఫెయిల్ చేసినా చెప్పను సార్."

ఆయన నవ్వాడో లేదో వదిన చెప్పలేకపోయింది. సంతకం మాత్రం పెట్టాడు, పాసని.

కెప్టెన్‌గా మొదటి రోజు, సిబ్బంది గదిలో ఒక కెప్టెన్ కాఫీ కప్పు పట్టుకుని, "రెండో ప్రయత్నం కెప్టెన్‌గారికి అభినందనలు," అన్నాడట అందరికీ వినిపించేలా.

"థాంక్సండీ," అంది వదిన. "నన్ను రెండుసార్లు చూసి మరీ ఇచ్చారు. మిమ్మల్ని ఒక్కసారే చూశారట కదా, పాపం."

ఆ రోజు కుడి సీటులో ఆవిడకన్నా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కూర్చున్నాడు. "మీ గురించి విన్నాను మేడమ్," అని మర్యాదకు అనేసి, అన్నందుకు ఇబ్బంది పడ్డాడు.

"ఫెయిలయ్యానని విన్నావు. నిజమే. ఎందుకో విన్నావా?"

"లేదు మేడమ్."

వదిన మొత్తం చెప్పింది, ఏదీ దాచకుండా. మీట, గంట, చెయ్యి, అన్నీ.

"ఇప్పుడు చెప్పు. నా చెయ్యి నీ మీట మీదికొస్తే ఏం చేస్తావు?"

"గుర్తుచేస్తాను మేడమ్."

"గుర్తుచెయ్యడాలు తరవాత. ముందు చేతి మీద ఒక్కటివ్వు."

"కెప్టెన్‌కా?"

"కెప్టెన్‌కే. గట్టిగా."

అతను కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు సరేనని, ఎడమ చేతికున్న బరువైన వాచీ విప్పి జేబులో పెట్టుకున్నాడట.