కల్బా ఇంట్లో రివాల్వర్

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు హైదరాబాదు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టి, అందులో కనబడుతున్న కారం స్ప్రే సీసాల్లో ఏది కొనుక్కోమంటావత్తా అని అడిగింది. రాత్రి డ్యూటీ ఉద్యోగమట, ఆఫీసులో ఆడపిల్లలందరూ బ్యాగులో ఒకటి వేసుకుంటారట. లిప్‌స్టిక్కులా ఉన్నది ఒకటి, తాళాల గుత్తికి తగిలించుకునేది ఒకటి, గులాబీ రంగుది ఇంకొకటి, దేనికది ముద్దొస్తోంది. మనల్ని మనం కాపాడుకునే వస్తువు ఇంత ముద్దుగా ఉంటుందని నాకు తెలీదు. నేను చూసినది నల్లగా, నూనె వాసన కొడుతూ, పట్టుకుంటే మణికట్టుని కిందికి లాగేసేది. దాన్ని ఎంచుకోవడానికి వెళ్లిన ముసలావిడ పక్కన కుర్చీలో కూర్చుని నేను చెమటలు కక్కాను. మీలో గల్ఫుకి వెళ్లొచ్చిన ఆడవాళ్లుంటే సగం చెప్పకుండానే అర్థమవుతుంది, మిగిలినవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

నేను కల్బాలో ఉన్నది రెండువేల మూడు తర్వాతి సంవత్సరాల్లో, మా గోదావరి లంకల నుంచి వెళ్లిన చాలామందిలాగే ఇంటిపనికి. మావాళ్లు ఊళ్లో అందరికీ దుబాయ్‌లో ఉందని గొప్పగా చెప్పేవారు గానీ, కల్బా అంటే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రాళ్ల కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలూ మేకలూను. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అని పిలవాలి. నేను పనిచేసిన ఇంటి మామా భర్త పోయిన పెద్దావిడ, కళ్ల కింద బంగారు రంగు ముసుగు కట్టుకుని, తోటలో మేకలతో మాట్లాడుకుంటూ తిరిగేది. కొడుకులు అబుదాబిలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకి వచ్చిపోయేవారు. ఇంట్లో నేనూ, నేను తమ్ముడూ అని పిలిచే కడప జిల్లా సాయిబుల కుర్రాడు ఒక డ్రైవరూ, బెంగాలీ తోటమాలీ, అంతే. తాగొచ్చి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టే మొగుణ్ణి వదిలి, పిల్లని మా అమ్మ దగ్గర పెట్టి వెళ్లినదాన్ని కాబట్టి, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడనక్కర్లేని ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి అక్కడే చూశాను.

ఆ సుఖం ఎన్నాళ్లో ఉండలేదు. మామా మరిదికి ఒక కొడుకు ఉన్నాడు. వాణ్ణి కని తల్లి చనిపోతే, మామానే తన పిల్లాడితో పాటు చన్నిచ్చి పెంచింది. అక్కడి వాళ్లకి పాలిచ్చిన తల్లి కన్నతల్లితో సమానం, ఆ బిడ్డ ఈవిడ కొడుకులకి తోడబుట్టినవాడి కిందే లెక్క. ఆ పాలు తాగినవాడు పెరిగి పెద్దవాడై, చెడు సావాసాలు పట్టి, ఖర్జూరపు తోట తన పేర రాయమని మీదపడ్డాడు. మొదట ఒక రోజు పొద్దున్నే లేచి చూసేసరికి మేకలు గొంతులు తెగి పడి ఉన్నాయి, ఇసకంతా నల్లగా గడ్డకట్టి, ఈగలు. తర్వాత తోటమాలిని పారతో కొట్టాడు, పాపం ఆ ముసలాయనకి ముందరి పళ్లు మిగల్లేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కాగితమూ, వేలిముద్ర సిరాడబ్బీ పట్టుకుని నేరుగా ఇంట్లోకి వచ్చాడు. మామా పిడికిలి బిగించి కూర్చుంది. వంటింట్లో ఉన్న నాకు పచ్చి చెరుకుగడ విరిచిన చప్పుడు వినబడి పరిగెత్తుకొస్తే, వాడు ఆవిడ చెయ్యి వెనక్కి మెలిపెట్టి మోకాలితో తొక్కుతున్నాడు. ఆవిడ కేక వెయ్యలేదు. చిన్నప్పుడు వాణ్ణి ముద్దుగా పిలిచిన పేరేదో అదే పనిగా అంటోంది. నా అరుపులకి డ్రైవర్ తమ్ముడు జాకీ రాడ్డుతో వచ్చి, వాడి చేత రెండు తిని, రెండిచ్చి, మొత్తానికి బయటికి తోశాడు. ఆసుపత్రిలో మామా బాత్‌రూములో జారిపడ్డానని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. అచ్చం నేను మా ఊరి డాక్టరుకి ఎన్నోసార్లు చెప్పిన మాటే అది. పోలీసులకి చెబుదామని డ్రైవర్ తమ్ముడు బతిమాలితే ఖలాస్ అని చేత్తో గాలిని తోసేసింది. పాలిచ్చిన కొడుకుని జైలుకి పంపదట, తోట వదిలి అబుదాబీకీ వెళ్లదట.

ఎముక అతుక్కుంది గానీ చెయ్యి వంకరగా ఉండిపోయింది, ఫింజాన్ పట్టుకున్నా వణికేది. ఫింజాన్ అంటే వాళ్లు కాఫీ తాగే పిడి లేని చిన్న కప్పు. అలాంటి చేత్తో ఆవిడ, తను ఇక తుపాకీ కొనుక్కుంటానంది. పెద్దకొడుకు కాళ్లరిగేలా తిరిగి అనుమతి తెచ్చాడు. కొండలు దాటి, షార్జా వైపు ఒక వేట సామాన్ల కొట్టుకి ముగ్గురం వెళ్లాం. దారంతా డ్రైవర్ తమ్ముడిది ఒకటే సణుగుడు.

"మా పక్క నాటుబాంబులు చూసినా గానీ అక్కా, ముసిలామె తుపాకి కొనేది యాడా చూల్లే" అన్నాడు.

కొట్టతను సిరియా వాడు, మర్యాదస్తుడు. అద్దాల బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, చీరల కొట్టులో చూపించినట్టు ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. అరచేతిలో ఇమిడే బుల్లి పిస్తోలు చూసి మామా ముచ్చటపడింది గానీ, చిన్నదే చేతిని ఎక్కువ తంతుందట, పైగా పేల్చేముందు పైభాగం గట్టిగా వెనక్కి లాగాలి. ఆవిడ ఎంత ఆపసోపాలు పడినా అది కదల్లేదు. పెద్దది ఎత్తితే చెయ్యి బల్ల మీద వాలిపోయింది. చివరికి చక్రం తిరిగే రివాల్వర్ పెట్టాడు, లాగే పనిలేదు, మీట నొక్కితే చాలు. రెండు చేతులా పట్టుకుంటే ఆ మీట కష్టం మీద కదిలింది. అప్పుడు మామా ఏదో అడిగింది. కొట్టతను మొహం తిప్పుకున్నాడు. ఏమంటోందని నేను డ్రైవర్ తమ్ముణ్ణి అడిగాను.

"కాళ్లకు మాత్రమే తగిలేది ఉందా అని అడుగుతాండాది అక్కా" అన్నాడు.

నేను అక్కడే ఏడ్చేశాను. ఆ రివాల్వరే తీసుకుని, ఇంటికి తెచ్చి ఇనప బీరువాలో పెట్టి, తాళం మెళ్లో వేసుకుంది. ఆవిడ ఎంచుకుంటే మేం ఊరుకుంటామా? డ్రైవర్ తమ్ముడు సీటు కింద పెద్ద పానా పెట్టుకున్నాడు. నేను మా అమ్మ పంపిన కారం చున్నీ కొంగున ముడేసుకున్నాను. మామా దాన్ని వాసన చూసి, తుమ్మి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

కొన్ని నెలలకి వాడు మసీదు పెద్దమనిషితో కబురు పెట్టాడు, క్షమాపణ అడగడానికి వస్తానని. మామా పొద్దుటి నుంచే హడావిడి. కొత్త తివాచీ వేయించి, కాఫీ గింజలు వేయించి, యాలకులూ కుంకుమపువ్వూ వేసి కాయించింది. నేను ఉండబట్టలేక బీరువా వైపు చూపిస్తే ఆవిడకి ఎంత కోపం వచ్చిందంటే, నన్ను తిట్టడం అదే మొదటిసారి.

"మెహమాన్ కే సామ్నే బందూక్? ఐబ్!" అంది, నాతో మాట్లాడే వచ్చీరాని హిందీలో.

చుట్టం ఎదుట తుపాకీయా, సిగ్గుచేటు అని. ఇంటికొచ్చి కాఫీ తాగుతున్నవాడి ముందు ఆయుధం పెట్టుకుని కూర్చోవడం వాళ్లలో చావుకన్నా ఎక్కువ అవమానం. అంత కష్టపడి ఎంచుకున్న రివాల్వర్ అలా బీరువాలోనే ఉండిపోయింది.

వాడు మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు అయ్యాక ఒక్కడే వచ్చాడు. ఆవిడ నుదురు ముద్దుపెట్టుకుని, ఖర్జూరం తిని, కాఫీ అందుకున్నాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, చుట్టం ఖాళీ ఫింజాన్ అటూ ఇటూ ఊపితే చాలని అర్థం, ఊపకుండా చాపితే పోస్తూనే ఉండాలి. వాడు ఊపలేదు. నేను కాఫీపాత్ర కుంపటి మీంచి తీసి పోయడం, మళ్లీ నిప్పుల మీద పెట్టడం, వాడు మళ్లీ చాపడం. నన్ను అలా ఆడిస్తూ మామాతో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. వాడు ఇంకోసారి ఫింజాన్ చాపాడు, నేను పాత్ర ఎత్తాను. అంతలో వాడు ఫింజాన్ గోడకేసి కొట్టి, ఆవిడ మీద పడి, ముసుగుతోనే గొంతు బిగించి, గుండెల మీద మోకాలు పెట్టాడు. ఆవిడ కళ్లు తేలిపోయాయి, కాళ్లు తివాచీ మీద కొట్టుకుంటున్నాయి.

కొంగున కారం ఉన్న సంగతి నాకు గుర్తైనా రాలేదు. చేతిలో ఉన్నది సలసల కాగే పాత్ర. మూత తీసి వాడి మొహం మీదా మెడ మీదా కుమ్మరించేశాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు జాలి లేదు. మా మొగుడి మీద పోయలేనిది కూడా కలిపి పోశాను. వాడు మేకలా అరిచి, గుడ్డిగా తిరిగి, కాలితో నా మూతి మీద తన్నాడు. నోరంతా రక్తం, నాలుక మీద పన్ను ముక్కలు. కుంపటి తన్నుకుని నిప్పుల మీద పడి పొర్లాడు, తివాచీ కాలిన వాసనతో పాటు ఇంకో వాసన కూడా. డ్రైవర్ తమ్ముడు వచ్చి వాణ్ణి కట్టి మా కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆసుపత్రి వాళ్లు కబురిస్తే సాయంత్రానికి పోలీసులు వచ్చారు. పరదా వెనక నేను, నోట్లో గుడ్డ కుక్కుకుని వింటున్నాను. పనిమనిషి ఆ దేశపు మనిషి మొహం కాల్చింది, ఇంక జైలే, ఊళ్లో నా పిల్ల గతి ఏమిటి అని అదొక్కటే తలలో తిరుగుతోంది. ఆఫీసరు ఎవరు పోశారని అడిగాడు.

"అనా" అంది మామా.

నేనే అని. ఆఫీసరు ఆవిడ వంకర చేతికేసి చూశాడు, మూలన పడున్న ఇత్తడి పాత్రకేసి చూశాడు. దాన్ని ఎత్తగలిగే చెయ్యి కాదది. మామా లేచింది. నేను ముందే మిగతా కాఫీ పోసి వెచ్చగా ఉంచిన ఇంకో పాత్ర వంటింట్లో ఉంటే, తనే వెళ్లి రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. ఒళ్లంతా ఊగిపోతూ, సగం కింద ఒలకబోస్తూ, ఆయనకి ఫింజాన్‌లో పోసింది. నొప్పికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన తాగి, ఆవిడ ముఖంలోకే చూస్తూ, ఫింజాన్ అటూ ఇటూ ఊపాడు. చాలని. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. పనిమనిషి చేతిలో కాలానని చెప్పుకోవడం వాడికీ నామోషీయే అయింది కాబోలు, ఆ మాట వాడి నోటి నుంచి రాలేదు. గొంతు నొక్కినందుకు జైల్లో పెట్టారు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

రెండువేల ఎనిమిదిలో నేను వచ్చేసేటప్పుడు రివాల్వర్ బీరువాలో అలాగే ఉంది, ఒక్కసారీ పేలకుండా. మామా పోయిందని తర్వాతెప్పుడో డ్రైవర్ తమ్ముడు ఫోన్ చేసి చెబితే, తనూ నేనూ చెరో పక్కా ఏడ్చుకున్నాం.

మా తమ్ముడి కూతురికి తాళాల గుత్తికి తగిలించుకునేదే బాగుందని చెప్పాను, చేతికి ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. అది టక్కున నొక్కి కొనేసుకుంది. హాస్టల్లో నీ పక్క గదిలో ఎవరుంటారే అని అడిగితే, తలెత్తకుండానే, ఏమో అత్తా, నాలుగు నెలలైంది గానీ వాళ్ల పేరు తెలీదు అంది. నేను నాలుకతో నా కట్టుడు పళ్లు తడుముకుంటూ, ఆ పేరేదో ఈసారి కనుక్కోవే అన్నాను.