కొంగు పట్టుకుని దాటిన రోడ్డు

నేను ఆటో నడుపుతాను. రోడ్డు మీద ఎవడెంత మొనగాడో నాకు బాగా తెలుసు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా వెనకే తరుముకొచ్చేవాడు, గుంటలో నీళ్లు మన మొహాన కొట్టి నవ్వుకుంటూ పోయేవాడు, పక్కకు తప్పుకున్నా బూతు తిట్టి పోయేవాడు, అందరూ యముడికి మొగుళ్లే. వీళ్లకి అంత ముంచుకొచ్చిన పనేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాది కోటబొమ్మాళి దగ్గర సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఊరికీ సంతకీ మధ్య హైవే పడింది. ఒడ్డు నుంచి వచ్చే ఆటోలు హైవే దగ్గర ఆగిపోవాలి. మలుపు తిరిగి రావాలంటే చాలా దూరం పోవాలి, ఈలోగా చేపలు మెత్తబడిపోతాయి. అందుకని మా ఆడవాళ్లు అక్కడ దిగి, డివైడర్ సందులోంచి నడిచి దాటి, అవతల ఆపుకున్న నా ఆటో ఎక్కేవారు.

నెత్తిన చేపల గంప ఉన్న మనిషి తల తిప్పి చూడటం కుదరదు, పరుగెత్తడం కుదరదు. ఒక చెయ్యి గంపకే పోతుంది. రెండో చేత్తో ముందు మనిషి చీర కొంగు పట్టుకుంటారు. చీకటితో బయల్దేరి దూరపు సంతలకి నడిచే కాలంలో, ఎవరూ తప్పిపోకుండా మా అమ్మమ్మలు పెట్టుకున్న పద్ధతి అది. హైవే మీద అలా దాటొద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ని.

“కొంగట్టుకుంటే దైర్నంరా. ఒకద్దాన్ని ఒగ్గీసి ఒకద్ది ఎలాగెల్తాది?” అనేది అమ్మ.

అమ్మకి ఒక కంట్లో శుక్లం. అందుకే ఎప్పుడూ పిన్ని వెనకే నడిచేది. పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. తోటికోడళ్లిద్దరూ రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకుని, మళ్లీ కలిసే సంతకి వెళ్లేవారు. వాళ్లు ప్రాణాలతో ఇటు వచ్చి ఆటో ఎక్కేదాకా గుండె గుప్పిట్లో పెట్టుకుని చూసేవాణ్ని.

ఆ రోజు బాగా తెల్లారింది. ఇద్దరూ సగం రోడ్డు దాటి డివైడర్ సందులో నిలబడ్డారు. డివైడర్ పక్కనే వస్తున్న లారీ నెమ్మదించింది. డ్రైవరు చెయ్యి ఊపి వెళ్లమన్నాడు. మంచివాడే, పాపం. పిన్ని నడిచింది, వెనక అమ్మ నడిచింది. అప్పుడు ఆ లారీని ఎడమ పక్క నుంచి దాటుకుంటూ ఒక కారు దూసుకొచ్చింది. వాడు బ్రేకు వెయ్యలేదు, హారన్ కొట్టాడు. లారీ ముందు నుంచి బయటపడ్డ పిన్ని కారును చూసి గంప వదిలేసి ముందుకి గెంతింది. హారన్ విన్న అమ్మ భయపడి వెనక్కి లాగింది. కొంగు అమ్మ చేతిలో ఉంది.

నేను పరుగెత్తే సరికే అంతా అయిపోయింది. పిన్ని చుట్టూ గంపలోని కవ్వళ్ల చేపలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కారువాడు కొంచెం దూరంలో ఆపి, దిగి, ముందు బంపరు చూసుకున్నాడు. తర్వాత మమ్మల్ని చూశాడు. “రోడ్డు దాటడం కూడా రాదా మీకు?” అన్నాడు. జనం అడ్డుపడకపోతే వాణ్ని ఆ రోజు నేనేం చేసేవాణ్నో నాకే తెలీదు.

దినాలు అయ్యాక స్టేషన్‌కి పిలిచారు. కారువాడు బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను చూసిందంతా చెప్పాను. తర్వాత ఎస్సై అమ్మని అడిగాడు, ఏం జరిగిందమ్మా అని.

“అది ముందుకి గెంతీసినాది బాబూ. దాటిపోయీది. నాకే బయమేసి ఎనక్కి లాగీసినాను. నానే సంపీసినాను దాన్ని.”

కారువాడు అప్పుడు తలెత్తాడు. వాడితో వచ్చిన పెద్దమనిషి, “రాసుకోండి సార్, ఆవిడే చెప్తోందిగా” అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. “ఎడం పక్క నుంచి దూరిందెవడు? బ్రేకెయ్యకుండా హారన్ కొట్టిందెవడు?” అని లేచాను. కూర్చోమన్నారు. అమ్మ మాట కాగితం మీదకి ఎక్కింది. వాళ్లకి అంతకంటే ఏం కావాలి.

బయటికొచ్చాక స్టేషన్ గేటు దగ్గర అమ్మని కోప్పడ్డాను. “ఎందుకలా సెప్పినావే? నీ నోటితో ఆణ్ని ఒగ్గీసినావు కదే.”

“ఆడు సేసింది ఆడు సెప్పుకోవాల. నాను సేసింది నాను సెప్పాల కదరా,” అంది అమ్మ.

వాడేం చెప్పుకున్నాడు? ఇంతలో లోపల నుంచి ఆ కారే వచ్చి మా వెనక ఆగింది. అడ్డు తప్పుకోమని హారన్ కొట్టాడు. అమ్మ ఉలిక్కిపడి, పక్కకు జరిగి వాడికి దారిచ్చింది.