పోర్ట్ 3306 మీద తువ్వాలు

2023 ఆగస్టు. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నాది చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు. విరుదునగర్‌లో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఒకటి నా కస్టమర్. పొద్దున తొమ్మిదికే అక్కడినుంచి ఫోన్, సర్వర్ లేవడం లేదని. మూడుసార్లు రీస్టార్ట్ చేశారట. నాలుగోసారి చేయకండి, వస్తున్నానని చెప్పి బస్సెక్కాను.

అక్కడ ఏ రైతు బస్తాలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో డేటాబేస్‌కే తెలుసు. అది లేవకపోతే చలిగదిలోంచి ఒక్క బస్తా బయటికి రాదు. పుదూరు వైపు నుంచి వచ్చిన రైతులు అప్పటికే వాకిట్లో కూర్చుని ఉన్నారు. ముదలాళి, అంటే యజమాని, ఒకే మాట పట్టుకున్నాడు: ఎవరో మెషిన్‌ని కెలికారు, ఎవరో తేలితే రేపటినుంచి రానక్కర్లేదు.

నేనూ తక్కువ తినలేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఇందులో కొత్తగా ఏదైనా పెట్టింది ఎవరని అందరి ముందూ తమిళంలో గద్దించాను. కంప్యూటర్ దగ్గర కూర్చునే గ్లోరీ అనే అమ్మాయి కీబోర్డు తుడుస్తూ ఉండిపోయింది. అంతకుముందు ఆమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుళ్లు అంటించేది. ఈ కుర్చీలోకి వచ్చి ఏడాది.

ఎర్రర్ లాగ్ తెరిచాను. సర్వర్ తన కష్టాలు రాసుకునే డైరీ అది. పోర్ట్ 3306 ఇప్పటికే వాడుకలో ఉందని రాసి ఉంది. పోర్ట్ అంటే ప్రోగ్రాము బయటివాళ్లతో మాట్లాడటానికి కూర్చునే నంబరు సీటు. ఒక సీట్లో ఒక్కరే. బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టేస్తారు చూడండి, అలా ఎవరో ముందే పట్టేశారు. ఒళ్లు మండి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే గొణుక్కున్నాను: "ఏ మారాజో తువ్వాలేసి పోయినాడు."

గ్లోరీ చప్పున తలెత్తింది. ముదలాళి రైతుల దగ్గరికి వెళ్లేదాకా ఆగి నా పక్కకి వచ్చింది.

"మీరూ తెలుగేనా అక్కా? అది నేనే పెడితిని."

ఏడాదిగా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నేర్చుకునేదానికి పెడితిని. పది దినాలాయె. అప్పుడంతా బాగానే ఉండె. నిన్న కరెంటు నిలిపిరి గదా, దాని వెనక ఇది లేవలేదు. ముదలాళికి తెలిస్తే నన్ను పనినుంచి నిలిపేస్తారు అక్కా. మళ్లా లేబులు అంటించేదానికే పోవాల."

నెట్‌స్టాట్ అనే కమాండ్ ఇచ్చాను. ఏ పోర్ట్‌లో ఏ ప్రోగ్రాము కూర్చుందో చూపించే కమాండ్ అది. ఆమె చెప్పింది నిజమే. ఆమె పెట్టింది విద్యార్థులు వాడే ఉచిత ప్యాకేజీ. అందులోనూ ఒక డేటాబేస్ ఉంటుంది, అదీ 3306నే అడుగుతుంది. పది రోజులూ పాత సర్వర్ సీట్లోంచి లేవలేదు కాబట్టి గొడవ రాలేదు. నెలవారీ కరెంటు కోతకి మెషిన్ ఆపి లేపేసరికి గ్లోరీది ముందు ఎక్కింది.

తీసెయ్యమంది. తీసేస్తే ఐదు నిమిషాల పని, ముదలాళికి తెలియనే తెలియదు. తీసేముందు లోపల ఏముందో చూశాను. రసీదు పోగొట్టుకున్న రైతు బస్తాల్ని ఊరిపేరు, తండ్రి పేరుతో వెతికే పేజీ. తన డేటాబేస్‌కి సీటు దొరకని ఆ పది రోజులూ రిజిస్టర్ చూసి, భోజనాల వేళ కూర్చుని, మామూలు ఫైల్లోనే ఒక్కొక్కటీ ఎక్కించుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. నేను అమ్మిన సాఫ్ట్‌వేర్‌కి రసీదు నంబరు తప్ప ఇంకోటి తెలియదు.

సర్వర్ మీద పాఠాలు నేర్చుకోవడం తప్పు, ఆ మాట గట్టిగానే అన్నాను. తర్వాత ఆమె డేటాబేస్‌ని ఆపి, సెట్టింగ్స్‌లో దాని పోర్ట్‌ని 3307గా మార్చి, అసలు సర్వర్‌ని లేపాను. లేచింది. ఆపైన ఆమెదీ లేపాను. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

ముదలాళి వచ్చి తప్పు ఎవరిదన్నాడు. కరెంటు మీదకి నెట్టేద్దామని నేను నోరు తెరిచేలోపే గ్లోరీ లేచి నిలబడి, తనే పెట్టానని చెప్పేసింది. ఆయన మొహం ఎర్రబడింది. నేను మధ్యలో దూరి, వాకిట్లో రసీదు లేనివాళ్లుంటే ఒకర్ని పిలవమన్నాను. పుదూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఆధార్ కార్డు పట్టుకుని వచ్చారు. గ్లోరీ అందులోని ఊరు, తండ్రి పేరు కొట్టింది. మూడో గది, ఏడో వరస, పద్నాలుగు బస్తాలు. పెద్దాయన ఆమెకి దండం పెట్టినంత పని చేశాడు.

ముదలాళి మెచ్చుకోలేదు. స్క్రీన్ వంకే చూస్తూ, ఒకే ఊళ్లో ఒకే తండ్రి పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఏం చేస్తావని అడిగాడు. తాత పేరు కూడా చేరుస్తానని, ఆ పని రేపు చేస్తానని గ్లోరీ అంది. రేపటినుంచి రానక్కర్లేదన్న ఆయన పొద్దుటి మాట నాకు గుర్తొచ్చింది. ఆయన "సరి" అని రైతుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పోర్ట్ గొడవ అని ఎవరు ఫోన్ చేసినా, ఎవరు పెట్టారని అడగను. మెషిన్ ఆఖరిసారి ఎప్పుడు ఆగి లేచిందని అడుగుతాను. సీట్లో ఉన్నదాన్ని లేపేసే ముందు అక్కడికి ఎందుకొచ్చిందో చూస్తాను. ఇంకో సీటు చూపిస్తే సరిపోతుంది చాలాసార్లు. పోర్టులకేం కరువు, ఒక్కో మెషిన్‌లో అరవై అయిదు వేలున్నాయి.