చేతుల్లేని రోగి

ఎదుటివాళ్ళు చెయ్యెత్తితే చాలు, పళ్ళ డాక్టరుగారు చేస్తున్న పనిని ఉన్నపళంగా ఆపేస్తారు. ఎందుకెత్తారు, ఎవరికోసం ఎత్తారు అన్న విచారణ ఆయనకు లేదు. నలభై ఏళ్ళు క్లినిక్కు కుర్చీ పక్కన నిలబడి, నోరు తెరిచిన ప్రతి మనిషికీ "నొప్పెడితే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అని చెప్పీ చెప్పీ ఆ మాట ఆయన నాలుకకీ, ఆ ఆగడం ఆయన చేతులకీ అంటుకుపోయాయి. క్లినిక్కు మూసేసి నాలుగేళ్ళయినా వదల్లేదు. గోడకు మేకు కొట్టేముందు గోడతో కూడా ఆ మాట చెప్పేవారు. వీధిలో ఆయనకు చెయ్యెత్తు డాక్టరని పేరు పడిపోయింది.

వీధి సంఘానికి వరసగా మూడుసార్లు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. అది ఆయన కార్యదక్షత చూసి కాదు. ఆయన ఉపన్యాసం అందుకున్న రెండో నిమిషంలో ఎవరో ఒకరు దోమను తోలుకోవడానికి చెయ్యి లేపుతారు. ఆయన ఠక్కున ఆగి, కూర్చుని, ఆ మనిషి వంక ఆదుర్దాగా చూస్తారు. పక్క వీధుల్లో మూడు గంటలు సాగే సమావేశం ఇక్కడ ఇరవై నిమిషాల్లో ముగిసేది.

ఒకసారి కూడలిలో పోలీసు చెయ్యెత్తాడు. డాక్టరుగారు స్కూటరు ఆపారు. పోలీసు ఆ చెయ్యి దించి, అవతలి వైపు వాళ్ళను ఆపడానికి రెండో చెయ్యి లేపాడు. డాక్టరుగారి లెక్కలో చెయ్యి ఇంకా లేచే ఉంది. వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు. చివరికి ఆ పోలీసే దగ్గరికొచ్చి, చేతులు రెండూ వీపు వెనక దాచుకుని, ఇక దయచెయ్యండని వేడుకోవలసి వచ్చింది.

ఆయన భార్య మాత్రం దీనివల్ల తాను సుఖపడ్డానని ఒప్పుకునేది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో తనకు పోట్లాడవలసిన అవసరం రాలేదట. ఆయన గొంతు పెంచినప్పుడల్లా గరిటె పట్టుకున్న చెయ్యి ఒకసారి లేపితే సరిపోయేదట.

పక్కింటి లెక్కల టీచరుగారికి ఈ అలవాటంటే ఒళ్ళుమంట. ఆవిడ బడిలో ఎవరైనా చెయ్యెత్తితే, ముందు లెక్క పూర్తి కానిమ్మనేవారు. మధ్యలో ఆగితే లెక్క తప్పుతుందన్నది ఆవిడ సిద్ధాంతం. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆ సిద్ధాంతం మీదే నడిచారు. నిరుడు వానాకాలంలో భర్త పోయినప్పుడు, పలకరించడానికి వచ్చిన వాళ్ళు ఏడవడానికి సిద్ధపడి వచ్చి, ఆవిడ కళ్ళు పొడిగా ఉండడం చూసి, రుమాళ్ళు మళ్ళీ జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండానే ఆవిడ ఇంట్లో ట్యూషను పిల్లలకు మళ్ళీ భిన్నాలు చెప్పడం మొదలైంది.

భర్త సర్వే ఆఫీసులో పటాలు గీసేవారు. పెరట్లో తన చేత్తో ఓ కొలను తవ్వి, రాళ్ళు పేర్చి, అందులో కోయి అనే అయిదు రంగు చేపల్ని పెంచారు. వాటిలో పెద్దది పద్దెనిమిదేళ్ళది. ఒళ్ళంతా తెలుపు, నెత్తిన ఎర్రటి మచ్చ. మిగతా చేపల్ని మూలమూలకీ వెళ్ళి తనిఖీ చేస్తున్నట్టు తిరుగుతుందని, భార్యను ఉడికించడానికి దానికి హెడ్మాస్టరని పేరు పెట్టారు. ఆవిడకు చేపలంటే ఇష్టం లేదు. ఆ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నారు కూడా. అయినా ఆయన పోయాక రోజుకు రెండు పూటలా, గడియారం చూసుకుని, చెంచాతో కొలిచి మేత వేసేవారు.

ఒక ఉదయం హెడ్మాస్టరు మేతకు రాలేదు. రాతికి ఒళ్ళు రుద్దుకుంటూ ఓ మూల ఉండిపోయింది. టీచరుగారు వంగి చూశారు. డొక్క మీద చొక్కా గుండీ అంత మేర పొలుసులు ఊడి, చుట్టూ ఎర్రగా వాచి, నడిమధ్య తెల్లటి కండ కనిపిస్తోంది. ఆవిడ చేపలమ్మే దుకాణానికి ఫోన్ చేశారు. ముసలి చేప కదా, మిగతావాటికి అంటుకోకముందే తీసి పారెయ్యమని సలహా ఇచ్చాడతను. పశువుల డాక్టరుకు చేశారు. తాను గేదెల్ని, కుక్కల్ని చూస్తానే గానీ నీళ్ళలో ఉండేవాటి జోలికి వెళ్ళనని ఆయన మర్యాదగా తప్పుకున్నాడు. టీచరుగారు ఫోన్ పెట్టేసి, కొలను గట్టు మీద అలాగే కూర్చుండిపోయారు. ఆ పూట పిల్లలకు పాఠం చెప్పలేదు.

ట్యూషను పిల్లలు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోవడం చూసి, డాక్టరుగారి భార్య గోడ మీంచి తొంగి చూసింది. పది నిమిషాల్లో డాక్టరుగారు వచ్చారు. చేతిలో పాత తోలుసంచి ఉంది. గట్టు మీద బోర్లా పడుకుని, పుల్లకు బిగించిన చిన్న అద్దాన్ని నీళ్ళలోకి దించి, చేప పక్కకు పెట్టి చూశారు. ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందని, తిండి సరిగ్గా నములుతోందా అని అడిగారు. చేపలు నమలడం తానెప్పుడూ చూడలేదని టీచరుగారు పొడిగా జవాబిచ్చారు. నీళ్ళు బాగుంటున్నాయా అని అడిగితే, అన్నీ పద్ధతి ప్రకారమే జరుగుతున్నాయని ఇంకా పొడిగా చెప్పారు. డాక్టరుగారు ఆ పైన ఏమీ అడగలేదు. లేచి చొక్కా దులుపుకుని, నోటిపూతకూ దీనికీ పెద్ద తేడా లేదు, రెండూ తడిలో ఉండే పుళ్ళే, చూద్దామన్నారు.

ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. పెద్ద తొట్టిలో కొలను నీళ్ళే పోసి, గాలి బుడగల గొట్టం వేసి, చేపను అందులోకి దించారు. పంటినొప్పికి వాడే లవంగ నూనెను చుక్కలు లెక్కపెట్టి సీసాలోని గోరువెచ్చని నీళ్ళలో వేసి, పాలలా తెల్లబడేదాకా కుదిపి, ఆ నీళ్ళను కొద్దికొద్దిగా తొట్టిలో కలిపారు. హెడ్మాస్టరు మత్తెక్కి మెల్లగా ఓ పక్కకు ఒరిగిపోయింది. ఇద్దరూ కలిసి దాన్ని తడి తువ్వాలు మీదికి ఎత్తారు. మొప్పల మీద నీళ్ళు పోస్తూ ఉండడం, కంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టడం టీచరుగారి పని. డాక్టరుగారు దూది పుల్లను అయోడిన్‌లో ముంచి, గొంతు సవరించుకున్నారు.

"నొప్పెడితే చెయ్యెత్తండి. ఆపేస్తాను."

"దానికి చేతులు లేవు డాక్టరుగారూ."

"రెక్కలున్నాయిగా."

దూది పుండుకు తగిలిందో లేదో, పక్కరెక్క కాస్త కదిలింది. డాక్టరుగారు పుల్ల కింద పెట్టేశారు. చేపను మందు కలపని మంచినీళ్ళున్న ఇంకో తొట్టిలోకి దించి, తేరుకున్నాక ఇంకాసేపు మత్తు పెట్టి, మళ్ళీ మొదలుపెట్టారు. రెక్క మళ్ళీ కదిలింది. ఆయన మళ్ళీ ఆపేశారు. రెండుసార్లకు మించి మత్తు పెడితే ముసలి ఒళ్ళు తట్టుకోదని ఆ రోజుకు సరిపెట్టారు. మూడు గంటల శ్రమకు పుండులో పావు వంతు కూడా శుభ్రపడలేదు. వెళ్తూ వెళ్తూ రోగిని రెండు గంటలపాటు ఏమీ తిననివ్వొద్దని, కుదిరితే మెత్తటి పదార్థాలే పెట్టమని చెప్పి వెళ్ళారు. టీచరుగారు తువ్వాలు పిండుతూ, ఈ లెక్కన పుండు మానడానికి ఎన్నేళ్ళు పడుతుందో నోటితోనే గుణించి చూసుకున్నారు.

రెండో విడత రెండు రోజుల తరవాత. ఈసారి టీచరుగారు ముందుజాగ్రత్త పడ్డారు. కంటి మీద పెట్టిన చేతి చిటికెనవేలిని ఇంకాస్త చాచి, రెక్కను తువ్వాలుకు అదిమి పట్టారు. రెక్క లేవకపోతే ఆయన ఆపరు, ఆయన ఆపకపోతే పని తెములుతుంది. డాక్టరుగారు పుల్ల ఎత్తి, ఆ చిటికెనవేలి వంక కాసేపు చూశారు. ఆయన ఎవరినీ మందలించి ఎరగరు.

"చెయ్యి పట్టుకోకండి టీచరుగారూ. చెప్పుకోవడానికి దానికున్న దారి అదొక్కటే" అన్నారు మెల్లగా.

టీచరుగారు వేలు తీసేశారు. ఎవరి చేతా తప్పు దిద్దించుకుని ఆవిడకు చాలా ఏళ్ళయింది. ఆ రోజు సగం పుండు శుభ్రమైంది. తడిలో కూడా అంటుకునే నోటిపూత మందును డాక్టరుగారు వేలి చివరతో గారలా మెత్తి, చేపను ఉప్పు కలిపిన నీళ్ళలో వదిలారు.

మూడో విడత అసలైనది. పుండు అంచున చచ్చిన కండ మిగిలింది. అది తీసేస్తే తప్ప కింద కొత్త చర్మం రాదు. డాక్టరుగారు మత్తు నిండుగా పట్టేదాకా ఆగి, మొప్పల కదలిక లెక్కపెట్టి, చిన్న పట్టకారు తీశారు. ఎప్పటి మాట చెప్పారు. అంచు పట్టుకుని లాగారు. తెల్లటి పొర ఊడి వచ్చింది. కింద ఎర్రటి కండ బయటపడి, సన్నగా నెత్తురు చెమ్మగిల్లింది. చేప కదల్లేదు. రెండో పొర పట్టుకున్నారు.

టీచరుగారి ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది.

అది ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు. భుజం పైదాకా, వేళ్ళన్నీ విచ్చుకుని, బడిలో వెనక బెంచీ పిల్లలు ఎత్తినట్టు లేచి ఉంది. డాక్టరుగారు ఆగిపోయారు. పట్టకారు పక్కన పెట్టి, చేపను రెండు చేతులా ఎత్తి మంచినీళ్ళలోకి దించి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. ఏమైందని అడగలేదు.

ఆవిడే అడిగారు. "అది నిద్రలో ఉంది కదా. రెక్క కదల్లేదు. ఎందుకాపారు?"

"మీరు చెయ్యెత్తారు."

"చేపకు కదా మీరు చెప్పింది."

"చేపకి తెలుగు రాదు కదండీ" అన్నారు డాక్టరుగారు. "దానికి మత్తిచ్చాను. పక్కనున్న మీకివ్వలేదు. మొదటి రోజు నుంచీ మీకే చెబుతున్నాను."

టీచరుగారు మొదటి రోజును మళ్ళీ లెక్క చూసుకున్నారు. మొదటి రోజు రెక్క కదిలినప్పుడల్లా ఆయన ఆగింది నిజమే. కానీ ఆ రెండుసార్లూ తాను కూడా పళ్ళు బిగపట్టి మొహం తిప్పుకున్నట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన రెక్కను చూసి ఆగారో, తన మొహం చూసి ఆగారో ఇక తేల్చడం కష్టం. మూడు గంటలు వృథా అయ్యాయని విసుక్కున్నది తానే.

అప్పుడు ఆవిడ చెప్పారు. నీళ్ళు పద్ధతి ప్రకారం ఉన్నాయన్నది అబద్ధం. కొలను మూల ఫిల్టరు డబ్బా ఉంది. అందులో స్పాంజిని భర్త ప్రతి ఆదివారం పిండి కడిగేవారు. పోయే ముందు ఆదివారం కూడా కడిగారు. ఆయన చెయ్యి ఆఖరుసారి తగిలిన పని అది. దాన్ని మళ్ళీ తీసి పిండితే అది కూడా పోతుందనిపించింది. ఏడాదిగా ఆ డబ్బా మూత తియ్యలేదు. నీళ్ళు చెడి, చేప ఒళ్ళు పుండైంది. మేత మాత్రం చెంచాతో కొలిచి వేశాను, అన్నారావిడ. అంటూ ఉండగానే ఏడాదిపాటు పొడిగా ఉన్న కళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఏడుపు ఆవిడకు అలవాటు లేని పని కావడంతో, మధ్య మధ్య ఆగి ఊపిరి ఎలా తీసుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డారు.

డాక్టరుగారు బకెట్టును ఆవిడ దగ్గరికి జరుపుకున్నారు. "డబ్బా ఇప్పుడు తీద్దామా, ఇంకాసేపు కూర్చుందామా?" అని అడిగారు.

"కూర్చుందాం" అన్నారు టీచరుగారు.

కూర్చున్నారు. డాక్టరుగారి భార్య గోడ అవతలినుంచి రెండు గ్లాసులతో టీ అందించి వెళ్ళిపోయింది. పొద్దు వాలేవేళకు టీచరుగారు లేచి, కొంగు బిగించి, ఫిల్టరు మూత తానే తీశారు. స్పాంజి నల్లగా, బురద ముద్దలా ఉంది. కుళాయి నీళ్ళలో కడగొద్దు, కొలను నీళ్ళలోనే పిండాలి, లేకపోతే మంచి చేసే క్రిములు చస్తాయని భర్త చెబుతుండేవారని, మోచేతుల దాకా బురద చేసుకుని పిండుతూ డాక్టరుగారికి చెప్పారు. ఆయన ఇంకా ఏమేమనేవారో కూడా చెప్పారు. అలా చీకటిపడేదాకా చెబుతూనే ఉన్నారు. డాక్టరుగారు వింటూ బురద నీళ్ళు బకెట్లతో మొక్కలకు పోశారు.

మిగిలిన పొర మర్నాడు తీశారు. రోజుకు కొంచెం చొప్పున కొలను నీళ్ళు మార్చారు. పదిహేను రోజులకు పుండు అంచులు గులాబీరంగుకు తిరిగాయి. నెలన్నరకు పలచటి చర్మం కప్పుకుంది. పొలుసులు మాత్రం వరస తప్పి, అతుకు వేసిన చొక్కాలా వచ్చాయి. హెడ్మాస్టరు మళ్ళీ మూలమూలకీ తిరగసాగింది. నీళ్ళు తేటపడ్డాక మిగతా నాలుగు చేపలు కూడా కాస్త లావయ్యాయి.

మాట వీధి దాటి వెళ్ళింది. ఒక ఆదివారం ఓ లారీ డ్రైవరు, గుమ్మం పట్టనంత మనిషి, డిప్ప పగిలిన తాబేలును తువ్వాలులో చుట్టుకుని డాక్టరుగారి వాకిట్లోకి వచ్చాడు. తాబేలు తల, కాళ్ళు లోపలికి లాక్కుని గట్టిగా ముడుచుకుపోయి ఉంది. తోలుసంచి పట్టుకుని టీచరుగారు పక్కనే నిలబడ్డారు. డాక్టరుగారు దూది తడిపి, నొప్పెడితే చెయ్యెత్తమన్నారు. లారీ డ్రైవరు పెద్దగా నవ్వి, అది కాళ్ళే బయటపెట్టడం లేదు, ఇక చెయ్యేం ఎత్తుతుందన్నాడు.

టీచరుగారు వసారాలోంచి ఓ కుర్చీ లాక్కొచ్చి అతని వెనక వేశారు.

"మీరు కూర్చోండి బాబూ," అన్నారు. "చెప్పింది మీకే."

అతను ఇంకా నవ్వుతూనే కూర్చున్నాడు. దూది డిప్ప మీద ఆనిందో లేదో, అతని చెయ్యి అంతెత్తున లేచింది.